మన పట్టు ఆసుపత్రి దాకా పోవాలంటే ‘నేచురల్’ అనే మాట చాలదు

మల్బరీ తోట, షెడ్డు పై వీడియోలో చూపించాను. అందులో చెప్పడానికి టైం చాలని విషయం ఇక్కడ రాస్తున్నాను.

మన బైరెడ్డిపల్లె, పలమనేరు, కుప్పం వైపు పండే పట్టుగూళ్లు చీరలకు పోతాయని అందరికీ తెలుసు. ఆపరేషన్లలో కుట్లు వేసే దారాల్లో పట్టుది కూడా ఒకటి. అందుకని ‘కెమికల్ లేని పట్టు, మెడికల్ క్వాలిటీ’ అని లేబుల్ వేసుకోవచ్చా అంటే, కుదరదు. ఎందుకో చూద్దాం.

పట్టుపోగులో రెండు ప్రోటీన్లు ఉంటాయి. లోపలిది ఫైబ్రాయిన్, బలమంతా దానిదే. పైన ఉండే జిగురు సెరిసిన్, బరువులో సుమారు 20 నుంచి 30 శాతం. ఈ జిగురు పురుగు కక్కిందే, పూర్తిగా సహజమైనదే. అయినా ఒంట్లో అలర్జీ రాకుండా కుట్టు దారానికి దాన్ని తీసేస్తారు. తర్వాత పోగుల్ని జడలా అల్లి, మైనం లేదా సిలికాన్ పూత వేస్తారు.

మన పొలంలో కూడా ఇంతే కదా. అగ్నిఅస్త్రంలో పొగాకు వేస్తాం. మిరపకు పనికొస్తుంది. అదే మల్బరీకి కొట్టి ఆ ఆకు మేపితే పట్టుపురుగు చస్తుంది. వేప మందుతోనూ ప్రమాదమే. సహజమైనదైనా ఎక్కడ, దేనికి వాడుతున్నామో చూడాల్సిందే.

మరి ల్యాబులో ఏం చూస్తారు? ఒంటికి తగిలే వైద్య సామగ్రికి ఐఎస్ఓ 10993 ప్రమాణాలున్నాయి. ఒక పరీక్షలో గుడ్డనో దారాన్నో ద్రవంలో నానబెట్టి, ఆ ద్రవాన్ని ల్యాబులో పెంచిన కణాలకు తగిలిస్తారు. కణాలు దెబ్బతింటే ఆ సరుకు పనికిరాదు. చర్మానికి మంట, అలర్జీ వస్తాయా అనేది వేరే పరీక్ష. క్రిములు లేకుండా స్టెరిలైజ్ చేశాక దారం బలం నిలిచిందా అనేది ఇంకొకటి. మనకు దగ్గర్లో కోయంబత్తూరులోని సిట్రా సంస్థలో మెడికల్ టెక్స్‌టైల్స్‌కు ప్రత్యేక కేంద్రం ఉంది. పట్టు నాణ్యత సంగతులకు బెంగళూరులో కేంద్ర పట్టు బోర్డు వారి టెక్నాలజీ పరిశోధన సంస్థ ఉంది. కుట్టు దారం, గాయం కట్లు 2017 వైద్య పరికరాల నిబంధనల కిందికి వస్తాయి. కుట్టు దారాన్ని లైసెన్సు లేకుండా తయారుచేసి అమ్మకూడదు.

సేంద్రియ బట్టకు ఇచ్చే గాట్స్ సర్టిఫికెట్ కూడా దీనికి సరిపోదు. అది నూలు ఎక్కడిది, ఎలా తయారైంది అని చెబుతుంది. గాయం మీద వేయొచ్చని చెప్పదు.

అయితే రైతు చేతిలో ఏమీ లేదా అంటే, మొదటి మెట్టు మనదే. ప్రతి పంటకూ ఒక నోట్‌బుక్ పెట్టండి:

- ఏ మడి ఆకు మేపారు, దానికి ఏ తేదీన ఏం వేశారు
- షెడ్డు శుద్ధికి బ్లీచింగ్, సున్నం, ఇంకేం వాడారు
- గుడ్లు ఏ లాటువి, ఎప్పుడు తెచ్చారు
- ఆ గూళ్లు వేరే పంటతో కలవకుండా ఏ సంచుల్లో పెట్టారు

పరీక్షలో తేడా వస్తే అది పొలంలో వచ్చిందా, షెడ్డులోనా, రీలింగ్‌లోనా అని వెనక్కి వెతకడానికి ఈ లెక్కే ఆధారం. కొనేవాళ్లు వచ్చినప్పుడు లేబుల్ బదులు ఈ పుస్తకం చూపించండి.