కారు మూలుగుతోందా? చెవి ఒగ్గి వినండి!

మిక్సీ మోత మారితే జారు బిగించుకుంటాం. కుక్కరు విజిల్ సరిగ్గా రాకపోతే గాస్కెట్ తీసి చూస్తాం. ఫ్యాను కిర్రుమంటే ‘‘ఏమండీ, బేరింగు పోయినట్టుంది’’ అని ఇంట్లో అందరికంటే ముందు మనమే చెప్తాం. కారులో శబ్దం వస్తే మాత్రం ‘‘మనకేం తెలుస్తుందిలే’’ అని ఊరుకుంటాం. అలా ఊరుకోకూడదని మాకు అనుభవం మీద తెలిసొచ్చింది.

అమ్మాయి పెళ్లి కుదిరిందని అన్నవరంలో వ్రతం చేయించుకోవడానికి గాజువాక నుంచి కారులో బయల్దేరాం. ఊళ్లో ఉన్నంతసేపూ ఏమీ లేదు. అనకాపల్లి దాటి జాతీయ రహదారి మీద వేగం అందుకోగానే ‘‘ఊఁ...’’ అంటూ తుమ్మెద రొదలా మొదలైంది. అరవై దాటితే పెరుగుతోంది, నలభైకి వస్తే అణిగిపోతోంది. ‘‘రోడ్డు మోతే’’ అని మావారు పాటల సౌండు పెంచారు. నేనూ నోరు మూసుకున్నాను.

తిరిగి వచ్చాక ఒక మెకానిక్కుకి చూపిస్తే, టైర్లు మార్చాలన్నాడు. ముందు రెండు టైర్లూ కొత్తవి వేయించాం. పెళ్లి ఖర్చులు నెత్తిమీద ఉండగా డబ్బయితే పోయింది గానీ శబ్దం పోలేదు!

ఆఖరికి ఆటోనగర్‌లో ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన బోనెట్టు ఎత్తలేదు. నావైపు తిరిగి ‘‘పక్కన కూచునేది మీరే కదమ్మా, చెప్పండి. బండి వంపు తిరిగినప్పుడు మోత మారుతోందా?’’ అని అడిగాడు. ఆలోచిస్తే నిజమే! రోడ్డు ఎడమకి వంపు తిరిగినప్పుడల్లా ఎక్కువయ్యేది. ‘‘అయితే కుడివైపు బేరింగు చూద్దాం’’ అన్నాడు.

ఉక్కు నగరం పక్కన కాపురముంటూ ఈ ఉక్కు గుళ్ల సంగతి తెలుసుకోకపోతే ఎలా? చక్రం ఇరుసు దగ్గర రెండు ఉక్కు వలయాలు, వాటి మధ్య నున్నటి గుళ్లు, చుట్టూ గ్రీజు – అదే బేరింగు. లోపలికి నీళ్లో ఇసుకో చేరినా, గోతిలో చక్రం గట్టిగా పడినా గుళ్లు తిరిగే దారి గరుకెక్కుతుంది. అప్పుడు చక్రం తిరిగేకొద్దీ మూలుగుతుంది. బండి ఎడమకి తిరిగితే బరువంతా కుడి చక్రాల మీద పడుతుంది కనుక కుడివైపు పాడైన బేరింగు గట్టిగా మోగుతుంది. కుడికి తిరిగితే ఎడమ పక్కది. నూటికి నూరుపాళ్లు ఇలాగే ఉండకపోయినా, వెతకడానికి మంచి ఆనవాలు.

జాకీ ఎక్కించి చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే కొంచెం ఆడింది. చేత్తో తిప్పితే గరగరలాడింది. బేరింగు మార్చాక కారు మళ్లీ నిశ్శబ్దం. అలాగే వదిలేస్తే వేడెక్కి, చక్రం వదులై, చివరికి బిగుసుకుపోవచ్చు, ఊడిపోనూవచ్చు అని ఆయన చెప్తుంటే నా గుండె ఝల్లుమంది. పిల్లల్ని వెంటబెట్టుకుని మేం అన్నవరం వెళ్లి వచ్చింది ఆ చక్రం మీదే!

మీ కారు కూడా మూలుగుతోందా? అయితే ఇలా చూడండి.

ఇంజనా, చక్రమా: బండి ఆపి, న్యూట్రల్‌లో పెట్టి యాక్సిలరేటర్ నొక్కించండి. అప్పుడూ అదే మోత వస్తే ఇంజను వైపు చూపించాలి. రాకపోతే, ఖాళీ రోడ్డు మీద వెళ్తున్నప్పుడు ఒక్క క్షణం క్లచ్ నొక్కి యాక్సిలరేటర్ వదలమనండి. ఇంజను నెమ్మదించినా మోత అలాగే ఉంటే అనుమానం చక్రాల మీదే. తాళం మాత్రం ఎప్పుడూ తిప్పకూడదు, స్టీరింగు బిగుసుకుపోతుంది.

టైరా, బేరింగా: నున్నటి తారు రోడ్డు మీద ఒకలా, సిమెంటు రోడ్డు మీద ఇంకోలా మోగితే టైరు కావచ్చు. రోడ్డు ఏదైనా మారకుండా, వంపుల్లో మారితే బేరింగు కావచ్చు. కారు ఆగి ఉన్నప్పుడు టైరు గాడుల మీద అరచేత్తో మెల్లగా నిమరండి. ఒకవైపు నున్నగా, వెనక్కి నిమిరితే కొబ్బరి కోరాములా గరుగ్గా తగిలితే టైరు వంకరగా అరిగిందన్నమాట, అలైన్‌మెంటు చూపించాలి. తీగలు బయటికొచ్చిన టైరుని మాత్రం ముట్టుకోకండి.

కొనే ముందు: టైర్లు ముందువి వెనక్కి, వెనకవి ముందుకి మార్పించి చూడండి. మోత కూడా చోటు మారితే తప్పు టైరుదే. ఈ చిన్న పని ముందే చేయించి ఉంటే మాకు అంత డబ్బు మిగిలేది. గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకి తగ్గితే మాత్రం మోత ఉన్నా లేకపోయినా టైరు మార్చాల్సిందే.

మన విశాఖలో సముద్రపు ఉప్పుగాలి ఉండనే ఉంది. పోర్టు లారీలు, స్టీలు ట్రైలర్లు తిరిగే రోడ్ల మీద గోతులకీ కొదవ లేదు. వానాకాలం చక్రాలు మునిగేంత నీళ్లలోంచి వెళ్తే తర్వాత నాలుగు రోజులు కాస్త చెవి పెట్టి ఉండండి. శబ్దం వినిపిస్తే మీ సెల్‌ఫోనులో రికార్డు చేయండి. ఎంత వేగంలో, ఎటు తిరిగినప్పుడు అన్నది కాగితం మీద రాసుకుని మెకానిక్కుకి చెప్పండి. స్టీరింగు వణికినా, మోతతో పాటు గరగర వచ్చినా దూర ప్రయాణం మానుకోండి.

పెళ్లికి ముందు మళ్లీ అన్నవరం వెళ్లాం. ఈసారి పాటలు పెట్టొద్దన్నది నేనే. తుని దాటేదాకా చెవి చక్రాల మీదే ఉంచాను. టైర్ల మామూలు సవ్వడి తప్ప ఏమీ వినిపించలేదు. ‘‘ఏమైనా వినపడుతోందా?’’ అని ఈసారి మావారే అడిగారు!