వాటాలై నిలిచిన మేడ

లండను నగరమున పికడిల్లీ వీధిలో ఆల్బనీ యను ప్రాచీనసౌధ మొకటి గలదు. అందలి వాటాలు వేర్వేరుగ క్రయమునకు వచ్చుచుండును. కొలదిగదుల వాటాకై ధనికులు పోటీపడుట వింతగ దోపవచ్చును. అంతకన్న వింత, ఆ మేడ యింకను నిలిచియుండుట.

సర్ విలియం ఛేంబర్సు అను శిల్పి 1771-1776 సంవత్సరములలో దీనిని మెల్బోర్న్ ప్రభువునకై నిర్మించెను. 1791లో ఇది మూడవ జార్జి కుమారుడగు ఫ్రెడరిక్కు చేతికి వచ్చెను. ఆయన బిరుదమునందలి శబ్దమే దీనికి పేరైనది. 1802లో ఆయన వదలుకొనగా, హెన్రీ హాలెండు అను శిల్పి ప్రధానసౌధమును విభజించి, వెనుకతోటలో రెండు పొడుగైన వరుసలు కట్టి, అవివాహితపురుషులకై 69 వాటాలు చేసెను. కవి బైరను, ప్రధానమంత్రి గ్లాడ్‌స్టను అందు వసించిరి. 1841 మొదలు 1856 వఱకు మెకాలే యిచ్చటనే యుండి తన ఇంగ్లండు చరిత్రమును వ్రాసెను. మన ప్రాచ్యవాఙ్మయ మంతయు ఒక్క అరలోని ఐరోపా గ్రంథములకు సరిరాదని 1835లో తీర్పుచెప్పిన యా మహాశయుడు, తన గ్రంథముల నొక వాటాయింట సర్దుకొనవలసివచ్చెను!

అదే వీధిలో డెవన్‌షైరు ప్రభువుల మేడ తరతరములు ఒక్క వంశముచేత అవిభక్తముగ నుండెను. తుదకు పన్నుల భారమునకు తాళలేక వా రమ్ముకొనగా 1924లో అది నేలమట్టమైనది. ఆల్బనీ ముక్కలై బ్రతికినది. గోడల బలిమి యిందులకు కారణము కాదు. వాటాదారులందఱి పక్షమున ధర్మకర్తల మండలి యొకటి యుండి ఉమ్మడి భాగముల సంరక్షణము చూచును.

మన హైదరాబాదున దేవిడీలు పెక్కు రూపుమాసినవి. వారసులు పంచుకొనిన చోటులను చూడుడు: పై వాటావాడు డాబా తనదనును, క్రింది వాటావాడు దొడ్డి తనదనును, గోడలో మొలచిన రావిమొక్కను పీకువాడు మాత్రము లేడు. ఉమ్మడి భాగములలో ప్రతి వాటాదారునకును అవిభక్తమగు హక్కు గలదని 1987 నాటి అపార్టుమెంట్ల చట్టము చెప్పుచున్నది. హక్కు సరియే, ఖర్చు మాటయో? పాతమేడలో వాటా కొనదలచువారు గదుల కొలతలకు ముందు, కప్పు కారిననాడు ఎవరెంత పెట్టుకొనవలెనో, పెట్టుకొననివానిచే ఎట్లు రాబట్టుదురో అడిగి, ఆ మాట దస్తావేజున వ్రాయించుకొని, అటుపిమ్మట బయానా యీయవలెను.