త్రికోణం చెప్పని సంగతి

మా నాన్నగారు విశాఖ పోర్టులో క్రేన్ నడిపి రిటైరయ్యారు. 2021 జనవరిలో షాంఘై నించి మూడు భారీ క్రేన్లు, విప్పకుండా, ఓడెక్కి మా ఓక్లాండ్ రేవుకి వస్తున్నాయని చెప్పాను. కోవిడ్ రోజులు, ఆయన రాలేరు, నేను వెళ్ళలేను. ఇక ఫోనులో రోజూ ఒకటే ప్రశ్న: “ఎక్కడిదాకా వచ్చిందిరా?”

కంప్యూటర్ తెర మీది చిన్న త్రికోణాన్ని చూసి చెప్పేవాణ్ణి. దాని వెనకున్నది ఎ.ఐ.ఎస్. అనే ఏర్పాటు. నడుస్తున్న ఓడ తన గుర్తింపు సంఖ్య, జి.పి.ఎస్. స్థానం, వేగం, దిశ కొన్ని సెకన్లకోసారి వి.హెచ్.ఎఫ్. రేడియోలో చాటుతూ పోతుంది. ఒడ్డునున్న యాంటెనాకి కొన్ని పదుల మైళ్ళ వరకే అందుతుంది. నడిసముద్రంలో ఉపగ్రహాలే దిక్కు. అందుకే మా త్రికోణం గంటల తరబడి కదలక, ఉన్నట్టుండి గెంతేది. గమ్యం, ఓడ మునిగిన లోతు మాత్రం సిబ్బంది చేత్తో నింపేవి. మనిషి నింపిన గడిని ఎంతవరకు నమ్మాలో మా ప్రోగ్రామర్లకి వేరే చెప్పాలా!

“క్రేన్లు ఎలా ఉన్నాయిరా?” అన్నారోసారి. అది త్రికోణం చెప్పదు. ఓడ పొడవు వెడల్పులు చెబుతుంది గాని, డెక్ మీది సరుకు ఎత్తుకి అందులో గడే లేదు. పోటు వేళ గోల్డెన్ గేట్ వంతెన కింద ఖాళీ 220 అడుగులు. బూమ్ ఎత్తితే ఆ క్రేన్లు 400 అడుగులు దాటతాయి. అందుకే బూమ్ దించి తెస్తారు.

గట్టు మీద నించుని వీడియోలో చూపించాను. అక్కడ అర్ధరాత్రి దాటింది.

“దించారు, దించారు,” అన్నారు నాన్నగారు. “ఇంకాస్త దగ్గరగా చూపించరా.”