రేడియోలో సంగీతము – వ్యాఖ్యాత బాధ్యత

కచేరీకి వచ్చిన శ్రోత తన ఇష్టముతో వచ్చును. గాయకుని ముఖము చూచుచు, తాళము వేయుచు వినును. రేడియో శ్రోత అట్టివాడు కాడు. అతడు దుకాణములో లెక్కలు చూచుచుండవచ్చును. ఆమె వంట చేయుచుండవచ్చును. విద్యార్థి పరీక్షకు చదువుచుండవచ్చును. నచ్చని మరుక్షణమున మీట త్రిప్పుట వారి చేతిలో పని. ఇట్టి శ్రోతను ఒక రాగము వద్ద రెండు నిమిషములు నిలుపుట ఎట్లు? నేటి పాటను ప్రేమించువానికి నిన్నటి సంగీతమును చూపుట ఎట్లు? ఈ భారము సంగీత కార్యక్రమ వ్యాఖ్యాతది. ఆ పని స్వరూపమును ఈ వ్యాసమున వివరింపదలచినాము.

శాస్త్రీయ సంగీతమునకు, సినిమా పాటకు మధ్య తగవు మన రేడియోకు క్రొత్తది కాదు. 1952లో కేంద్ర సమాచార, ప్రసార శాఖ మంత్రి అయిన బి.వి. కేస్కర్ ఆకాశవాణిలో సినిమా పాటలకు చోటు తగ్గించి, శాస్త్రీయ సంగీతమునకు పెద్దపీట వేసినారు. శ్రోతలు మాత్రము రేడియో సిలోన్ వైపు మరలినారు. అదే ఏడాది డిసెంబరులో అక్కడ 'బినాకా గీత్ మాలా' ఆరంభమైనది. తుదకు 1957 అక్టోబరు 3న వివిధ భారతిని ప్రారంభించి, ఆకాశవాణి సినిమా పాటను తిరిగి లోనికి ఆహ్వానించినది. సంగీతాభిరుచిని ఆజ్ఞతో కలిగింపజాలమనియు, పరిచయముతోనే పెంపొందింపవలెననియు ఈ చరిత్ర మనకు నేర్పుచున్నది.

పరిచయము చేయుటలో ఆరితేరినవారు అమీన్ సయానీ (1932–2024). ఆయన పండితభాష మాటాడలేదు. ఆయన తల్లి కుల్సూమ్ సయానీ, క్రొత్తగా చదువు నేర్చినవారి కొరకు 'రహబర్' అను పత్రికను సరళమైన హిందుస్తానీలో మూడు లిపులలో నడిపినారు. ఆ సరళతయే కుమారుని నోట రేడియో భాష అయినది. పాటల వరుసలోని స్థానమును ఆయన 'పాయ్‌దాన్' అన్నారు, అనగా మెట్టు. అగ్రస్థానము 'సర్‌తాజ్'. అంకెలు చదువుట అందరికిని వచ్చును. అంకెను మెట్టుగా మార్చి, పై మెట్టున ఏమున్నదో అని శ్రోతను వేచియుండజేయుట వ్యాఖ్యాత నేర్పు.

శాస్త్రీయ సంగీతము విషయమున వివిధ భారతి 'సంగీత్ సరితా' కార్యక్రమము మంచి మార్గము చూపినది. ఉదయపు వేళ కొద్ది నిమిషములలో ఒక రాగమును పరిచయము చేయుచు, ఆ రాగములోని సినిమా పాటను, గాత్రమునో వాద్యమునో వినిపించు పద్ధతి అది. తెలిసినదాని నుండి తెలియనిదానికి తీసికొనిపోవు ఈ క్రమమును మనమును అనుసరింపవచ్చును. 1980లో వచ్చిన 'శంకరాభరణం' చిత్రములో 'సామజవరగమన' అను మాటతో మొదలగు పాట హిందోళ రాగములోనిది. దానిని ముందు వినిపించి, వెంటనే అదే మాటతో, అదే రాగములో త్యాగరాజస్వామి రచించిన కీర్తనను వినిపించిన యెడల, శ్రోత ఎవరును చెప్పకయే పోలిక పట్టును. పిమ్మట, ఇదే రాగమును ఉత్తరాదివారు మాల్‌కౌఁస్ అందురని చెప్పి, 'బైజూ బావ్రా' (1952) చిత్రములోని హరిభజనను వినిపింపవచ్చును. ఆ భజనను రచించినది షకీల్ బదాయూనీ, స్వరపరచినది నౌషాద్, పాడినది మహమ్మద్ రఫీ. ముగ్గురు ముస్లిములు కూర్చిన ఆ హరిభజన గురించి వ్యాఖ్యాత ఉపన్యాసము చేయనవసరము లేదు. మూడు పేర్లు స్పష్టముగా చెప్పి ఊరకుండిన చాలును.

ఇచ్చట ఒక హెచ్చరిక అవసరము. పేరు పోలిన రాగములన్నియు ఒక్కటి కావు. కర్ణాటక హిందోళము వేరు, హిందుస్తానీ హిందోల్ వేరు. రెండింటను ఋషభ పంచమములు లేవు. కాని షడ్జము తప్ప తక్కిన నాలుగు స్వరముల స్థానములును వేరే. అట్లే కర్ణాటక తోడి స్వరములు హిందుస్తానీ భైరవికి సమీపము. హిందుస్తానీ తోడి స్వరములు మన శుభపంతువరాళికి దగ్గర. తెలిసినవారిని అడుగక మైకు ఎదుట కూర్చుండిన వ్యాఖ్యాత ఒక్క వాక్యముతో వేలమందికి తప్పు నేర్పగలడు.

ఇక సాధన విషయము. అరగంట కార్యక్రమమును లెక్క వేసి చూతము. రెండు సినిమా పాటలకు ఏడు నిమిషములు, ఒక కీర్తనకు ఎనిమిది, ఒక ఖయాల్ భాగమునకు ఎనిమిది. మిగిలినవి ఏడు నిమిషములు. అందులో ఆరంభ, ముగింపు వాద్యములకు ఒకటి పోగా, మాటకు ఆరు నిమిషములే. కనుక ప్రతి వాక్యమును గడియారము ఎదుట బిగ్గరగా చదివి చూడవలెను. కంటికి నచ్చిన దీర్ఘవాక్యము చెవికి భారమగును. ఖయాల్‌ను మధ్యలో ఆపవలసి వచ్చినచో ఆవర్తనము పూర్తియై సమమునకు చేరిన చోట ధ్వనిని మెల్లగా తగ్గింపవలెను. ఆలాపనపై మాటాడరాదు. మైకునకు జానెడు దూరమున కూర్చుండవలెను. కాగితము గలగలలాడినను శ్రోతకు వినిపించును.

ఉచ్చారణ మరియొక బాధ్యత. 'గజల్', 'ఖయాల్' అను మాటలలోని కంఠధ్వనులను తెలుగు విద్యార్థి ఉర్దూ మిత్రుని వద్ద నేర్వవలెను. 'హిందోళము'లోని ళకారమును ఉర్దూ విద్యార్థి తెలుగు మిత్రుని వద్ద నేర్వవలెను. గజల్ చివరి షేర్‌లో కవి తఖల్లుస్ వచ్చుట, కీర్తన చివరి చరణములో వాగ్గేయకారుని ముద్ర వచ్చుట, రెండును ఒకే మర్యాద. ఆ మర్యాదను వ్యాఖ్యాతయు పాటించి, కవిని, స్వరకర్తను, గాయకుని, పక్కవాద్యకారులను పాటకు ముందో తరువాతనో తప్పక పేర్కొనవలెను. నేడు చేతిఫోనులో పాటలకు కొదవ లేదు. కాని అవి ఒకదాని వెంట ఒకటి వచ్చిపోవుచుండగా వాటిని చేసినవారి పేర్లు వినువానికి అందుట అరుదు. పేరు మరచిన చోట సంప్రదాయమును మరచుటకు ఎంతో కాలము పట్టదు.

ప్రకాశం జిల్లా కరవదిలో జన్మించిన షేక్ చిన మౌలానా (1924–1999) నాదస్వరమును శ్రీరంగము వరకు తీసికొనిపోయినారు. ఉస్తాద్ బడే గులాం అలీ ఖాఁ 1968లో హైదరాబాదులోనే కన్నుమూసినారు. ఈ రెండు పేర్లును తెలిసిన విద్యార్థులు మన తరగతులలో ఎందరు? తెలుగు విభాగము, ఉర్దూ విభాగము ఒకే వరండాలో ఎదురెదురుగా ఉండియు, ఒకరి పాట మరొకరికి తెలియకుండుట మనకు తగునా?

2002లో భారత ప్రభుత్వము విద్యాసంస్థలు తమ రేడియో నడుపుకొనుటకు అనుమతించినది. 2004లో చెన్నై అన్నా విశ్వవిద్యాలయమున అట్టి కేంద్రము ప్రారంభమైనది. అంతటి వ్యయము మనకు నేడు సాధ్యము కాకపోవచ్చును. కాని వారమునకు ఒక మధ్యాహ్నము, ఒక మైకు, ఒక ధ్వనివర్ధకము, అరగంట సమయము ఇప్పించుట కళాశాల కమిటీ పెద్దలకు కష్టము కాదు. ఒక తెలుగు విద్యార్థి, ఒక ఉర్దూ విద్యార్థి జంటగా కూర్చుండి మొదటి రాగముగా హిందోళమును ఎంచుకొందురు గాక. దానిని మాల్‌కౌఁస్ అని ఇద్దరిలో ఎవరు ముందు పిలిచినను, వినునది ఒక్కటే.