అంగడికి జనం ఎందుకు వస్తారు?

మెదకు జిల్లాలో శంకరంపేటలు రెండు. వాటిలో పెద్ద శంకరంపేట, సంగారెడ్డి నుండి నాందేడుకు పోయే 161వ జాతీయ రహదారి మీద ఉన్నది. సంగారెడ్డి దాటితే హైదరాబాదు. మరి ఆ ఊరివారు చీర కొనవలసివస్తే ఏ అంగడికి పోతారు?

ఇటువంటి ప్రశ్నకు 1931లో విలియం రైలీ అనే అమెరికా పండితుడు ఒక లెక్క చెప్పినాడు. పట్టణ జనసంఖ్య పెరిగినకొద్దీ దాని ఆకర్షణ పెరుగుతుంది. దూరం రెట్టింపైతే ఆకర్షణ నాలుగవ వంతుకు తగ్గుతుంది. అందుచేతనే పెండ్లి బట్టలకు నగరానికి పోయేవారు సైతం ఉప్పుకు, చింతపండుకు బస్సు ఎక్కరు. అయితే బాట బాగుపడితే ప్రయాణకాలం తగ్గి, దూరమే దగ్గరవుతుంది. మంచి రహదారి ఊరికి బేరం తెస్తుంది. ఊరి బేరాన్ని తీసుకొనిపోతుంది కూడా.

జనం వేరు, అమ్మకం వేరు. ధాన్యం పైకం చేతికందినప్పుడు, బతుకమ్మ పండుగకు ముందు వచ్చినవారు కొంటారు. నాట్ల వేళ ధర అడిగి మరలిపోతారు.

వచ్చినవారిని మళ్లీ రప్పించేవి సరియైన తూకం, నీడ, మంచినీరు, బండి నిలుపుకొనే చోటు. 1956లో అమెరికాలో మినియాపొలిస్ సమీపాన తెరచిన సౌత్‌డేల్ విపణి కేంద్రానికి కూడా, బయట మంచు కురిసినా లోపల వెచ్చగా ఉండటమే పెద్ద ఆకర్షణ.

ఊరి అంగడి మూతపడితే నగరానికి పోగలవారికి లోటు లేదు. పోలేని వృద్ధులకు, పావుసేరు పప్పు అరువడిగే కూలివారికి మాత్రం దారి మూసుకొనిపోతుంది. ఈ సంగతి కొనేవారూ, అమ్మేవారూ ఆలోచించవలసి ఉన్నది.