పెద్దలు ఉండగానే అడగాలి

ఇంటర్వ్యూ అనగానే మన కాలేజీలో ఎవరికైనా ముందు గుర్తొచ్చేది ఉద్యోగం. ఇస్త్రీ చొక్కా, చేతిలో ఫైలు, బల్లకు అవతల ముగ్గురు పెద్దమనుషులు, ఇవతల చెమటలు కక్కుతూ మనం. ఇంకో రకం ఇంటర్వ్యూ పేపర్లలో, టీవీలో కనిపిస్తుంది. ఏ సినిమా నటుడినో, మంత్రిగారినో పట్టుకుని పది ప్రశ్నలు అడగడం, పది జవాబులు అచ్చువేయడం. ఈ రెండూ కాకుండా మూడో రకం ఒకటుంది. తన రంగాన్నే మార్చేసిన మనిషి ఎదురుగా గంటల తరబడి, అవసరమైతే రోజుల తరబడి కూర్చుని, "ఈ ఆలోచన మీకెలా తట్టింది? అంతకుముందు ఏమనుకునేవారు? ఎక్కడ దారి తప్పారు?" అని ఓపిగ్గా అడిగి, ఆ మాటలన్నీ టేపుమీద ఎక్కించి, మాట పొల్లుపోకుండా రాసి భద్రపరచడం. ఈ వ్యాసం ఆ మూడో రకం గురించి.

"శాస్త్రజ్ఞుడు కనిపెట్టింది పుస్తకంలో ఉండనే ఉంది కదా, మళ్ళీ ఆయన్ని అడిగేదేముంది?" అని మా హాస్టల్లో ఒక మిత్రుడు నన్ను నిలదీశాడు. మొదట్లో నేనూ అలాగే అనుకున్నాను. జవాబు బోర్ నమూనాతోనే చెబుతాను, ఎందుకంటే అది ఇంటర్లో మనమంతా బట్టీపట్టిందే.

మన పుస్తకాల్లో వరస ఇలా ఉంటుంది: హైడ్రోజన్ వాయువు ఇచ్చే కాంతిలో కొన్ని రేఖలు కనిపిస్తాయి. ఆ రేఖలకు బామర్ ఒక సూత్రం చెప్పాడు. ఆ సూత్రం ఎందుకు పనిచేస్తుందో బోర్ 1913లో తన పరమాణు నమూనాతో వివరించాడు. చదువుతుంటే, బోర్ మొదటినుంచీ ఆ రేఖల్నే పట్టుకు కూర్చున్నాడని అనిపిస్తుంది. అసలు జరిగింది వేరు. ఆ సంగతి ఆయన నోటితోనే చెప్పించిన మనిషి పేరు థామస్ కూన్.

పరుగు పందెం లాంటి పని

కూన్ అమెరికా దేశస్థుడు. భౌతికశాస్త్రంలో డాక్టరేటు తీసుకుని, తరవాత శాస్త్రచరిత్రలోకి వెళ్ళినవాడు. శాస్త్రవిప్లవాల గురించి 1962లో ఆయన రాసిన పుస్తకం ప్రపంచమంతా పేరు తెచ్చుకుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే ఆయన ఇంకో పెద్దపని నెత్తికెత్తుకున్నాడు. క్వాంటం సిద్ధాంతాన్ని కట్టినవాళ్ళలో ఇంకా బతికున్నవారందర్నీ వెతికి పట్టుకుని మాట్లాడించడం ఆ పని. 1962 నుంచి 1964 దాకా కూన్, జాన్ హైల్‌బ్రన్, పాల్ ఫోర్మన్ తదితరులు అమెరికా, యూరపు దేశాలు తిరిగి వందమంది దాకా మాట్లాడించారు. అంత తొందర ఎందుకంటే, అప్పటికే ఆలస్యమైపోయింది. ఐన్‌స్టీన్ 1955లో వెళ్ళిపోయాడు. పౌలీ 1958లో పోయాడు. ష్రోడింగర్ 1961 జనవరిలో కన్నుమూశాడు. మిగిలినవాళ్ళంతా వయసు మీద పడినవాళ్ళే.

కూన్ ఉత్త చేతుల్తో ఎవరింటికీ వెళ్ళలేదు. వెళ్ళేముందు ఆ శాస్త్రజ్ఞుడి వ్యాసాలు, దొరికినంతవరకు పాత ఉత్తరాలు చదువుకునేవాడు. ఒక్కసారి కూర్చుంటే సరిపోతుందనీ అనుకోలేదు. హైజెన్‌బర్గ్‌తో నెలల వ్యవధిలో ఎన్నోసార్లు కూర్చున్నాడు. తనకు డాక్టరేటు పని చేయించిన గురువు వాన్‌వ్లెక్‌ను కూడా వదలలేదు. శిష్యుడు ప్రశ్నలు వేస్తుంటే గురువు జవాబులు చెప్పాడన్నమాట. మన లెక్చరర్లు ఈ ముక్క గమనించాలని మనవి.

సీతాకోకచిలుక రెక్క

1962 అక్టోబరు ఆఖరులో కూన్ కోపెన్‌హాగెన్‌లో బోర్ ఎదుట కూర్చున్నాడు. బోర్ వయసు అప్పటికి 77. వర్ణపట రేఖల సంగతి అడిగితే ఆయన చెప్పిన పోలిక నేను మరిచిపోలేను. ఆ రోజుల్లో వర్ణపటాలు అందమైనవే అనుకునేవాళ్ళట గాని, వాటితో ముందుకు పోవచ్చని ఎవరూ అనుకోలేదట. సీతాకోకచిలుక రెక్కమీద రంగులు ఎంతో పద్ధతిగా ఉంటాయి. అంతమాత్రాన ఆ రంగుల్ని చూసి జీవశాస్త్రం పునాదులు తెలుసుకోవచ్చని ఎవరనుకుంటారు? వర్ణపటాలూ అంతే అనుకున్నామన్నాడు బోర్. హాన్సెన్ అనే తోటి శాస్త్రజ్ఞుడు "నీ సిద్ధాంతం వర్ణపటాల గురించి ఏం చెబుతుంది?" అని అడిగాకనే ఆయన బామర్ సూత్రం వైపు చూశాడు.

అప్పటికి 49 ఏళ్ళు గడిచాయి. ముసలితనంలో చెప్పిన మాటను ఎలా నమ్మడం? ఇక్కడే ఈ రకం సంభాషణకు గట్టి పరీక్ష. 1913 జనవరి 31న బోర్ తన గురువు రూథర్‌ఫర్డ్‌కు రాసిన ఉత్తరం ఒకటుంది. కంటికి కనిపించే వర్ణపట రేఖల లెక్క జోలికి తాను పోవడంలేదని అందులో స్పష్టంగా రాశాడు. మార్చి 6న అదే గురువుకు పంపిన వ్యాసంలో ఆ లెక్కే గుండెకాయ! అంటే మలుపంతా అయిదువారాల్లో జరిగింది. మాటను ఉత్తరం బలపరిచింది. అచ్చయిన వ్యాసంలో మాత్రం ఈ తడబాటు జాడ ఉండదు. కోసిన పంట చూసినవాడికి దున్నిన కష్టం కనిపించనట్టే.

భోజనాల బల్ల దగ్గర మౌనం

డిరాక్ మితభాషి. ఎంత మితభాషి అంటే ఆయన మౌనంమీద కథలున్నాయి. 1962 ఏప్రిల్ 1న ప్రిన్స్‌టన్‌లో కూన్ ఆయన్ని మాట్లాడించినప్పుడు పక్కన విగ్నర్ కూడా ఉన్నాడు. విగ్నర్ గొప్ప భౌతికశాస్త్రజ్ఞుడే కాదు, డిరాక్‌కు స్వయానా బావమరిది. ఇంటిమనిషి పక్కనుండబట్టో ఏమో, డిరాక్ తన చిన్నతనం చెప్పుకొచ్చాడు. తండ్రి స్విట్జర్లాండు నుంచి ఇంగ్లండు వచ్చి ఫ్రెంచి పాఠాలు చెప్పేవాడు. తనతో ఫ్రెంచిలోనే మాట్లాడాలని కొడుక్కి కట్టడి చేశాడు. తండ్రీ, ఈ పిల్లవాడూ ఒక గదిలో తింటే, ఫ్రెంచి రాని తల్లి, మిగతా పిల్లలు వంటగదిలో తినేవారు. మనసులోది ఫ్రెంచిలో చెప్పడం చేతకాక, ఇంగ్లీషులో మాట్లాడ్డానికి వీల్లేక, నోరుమూసుకోవడమే మేలని ఆ పిల్లవాడు తేల్చుకున్నాడు.

తెలుగు మీడియం నుంచి వచ్చి, ఫస్టియర్లో క్లాసులో నోరు తెరవని మనవాళ్ళు ఎంతమంది లేరు? ఇది చదివిన రోజు డిరాక్ నాకు మా బెంచీలో కూర్చునేవాడిలా అనిపించాడు. డిరాక్ సమీకరణం ఈ సంగతి చెప్పదు. అడిగారు కాబట్టి మనకు తెలిసింది.

ఆగిపోయిన ప్రశ్న

మళ్ళీ బోర్ దగ్గరికి వద్దాం. ఆయనతో అయిదుసార్లు కూర్చున్నారు. అయిదోది 1962 నవంబరు 17. ఆ రోజు తత్త్వశాస్త్రం మాటొచ్చింది. తన ఆలోచనను తత్త్వవేత్తలు సరిగా అర్థం చేసుకోలేదని బోర్ నొచ్చుకున్నాడు. విలియం జేమ్స్ అనే అమెరికన్ తత్త్వవేత్త రచన తనకెంతో నచ్చిందన్నాడు. ఎప్పుడు చదివారు? కుర్రవాడిగా ఉన్నప్పుడా, పేరొచ్చిన తరవాతా? అది తేలితే ఆయన ఆలోచనకు విత్తనం ఎక్కడ పడిందో తెలుస్తుంది. ఆ జవాబు తేటతెల్లం కాకుండానే ఆ రోజు గడిచింది. మరునాడు నవంబరు 18న బోర్ కన్నుమూశాడు. జేమ్స్‌ను ఎప్పుడు చదివాడన్న దానిమీద చరిత్రకారులు తరవాత ఎన్నో ఏళ్ళు వాదించుకున్నారు. ఒక్కరోజు గడువుంటే ఆ వాదానికి పని ఉండేది కాదేమో!

మనవాడి మాట

ఇదంతా తెల్లవాళ్ళ గొడవ అనుకోకండి. సంఖ్యాశాస్త్రంలో 1986లో మొదలైన ఒక అమెరికన్ పత్రిక, ఆ శాస్త్రపు పెద్దలతో దీర్ఘ సంభాషణలు అచ్చువేయడం ఆనవాయితీగా పెట్టుకుంది. 1987లో అందులో మోరిస్ డిగ్రూట్ మాట్లాడించిన పెద్దమనిషి మన ఆంధ్రా యూనివర్సిటీలో చదివిన కల్యంపూడి రాధాకృష్ణ రావు గారు. ఇరవయ్యేళ్ళ వయసులో ఉద్యోగం కోసం కలకత్తా వెళ్ళిన ఆయనకు ఆ ఉద్యోగం రాలేదు. బస చేసినచోట ఒకాయన పరిచయమై, అక్కడి సంఖ్యాశాస్త్ర సంస్థ సంగతి చెప్పాడు. అలా 1941 జనవరి 1న అందులో చేరాడు. ఆ తరవాత కొన్నేళ్ళకు, పాఠం చెబుతుండగా దండేకర్ అనే విద్యార్థి లేచి ఒక ప్రశ్న వేశాడు. జవాబు అప్పటికి లేదు. రావుగారు రాత్రికి రాత్రి కూర్చుని నిరూపించింది 1945లో అచ్చయి, క్రామర్–రావు అసమీకరణంగా ప్రపంచానికి తెలిసింది. సిద్ధాంతం మనకు స్టాటిస్టిక్స్ పుస్తకంలో దొరుకుతుంది. రాని ఉద్యోగం, లేచి నిలబడిన విద్యార్థి మాత్రం రావుగారు చెప్పబట్టి దొరికాయి. ఆయన 2023లో, 102 ఏళ్ళ వయసులో, అమెరికాలో కన్నుమూశారు. అడిగినవాళ్ళు ఉన్నారు కాబట్టి ఆ సంగతులు ఆయనతోపాటు పోలేదు.

మా తాతయ్యతో నా ప్రయోగం

నిరుడు సంక్రాంతి సెలవుల్లో ఈ పద్ధతి మా ఇంట్లోనే పరీక్షించాను. "తాతయ్యా, నీ కాలంలో వ్యవసాయం ఎట్లా ఉండేది?" అని గొప్పగా మొదలుపెట్టాను. "ఏముందిరా, అప్పుడూ ఈ మట్టే" అని అటు తిరిగి పడుకున్నాడు. తప్పు నాదే. అంత పెద్ద ప్రశ్నకు ఎవరు మాత్రం ఏం చెబుతారు? మరునాడు అటకమీద నుంచి పాత మోట గిలక దింపి, దుమ్ము తుడిచి, ఆయన ముందు పెట్టాను. "దీనిమీద మోకు జారకుండా ఏం చేసేవాళ్ళు?" అన్నానంతే. రెండు గంటలు చెప్పాడు. మోట తోలు ఎవరు కుట్టారు, ఎద్దులు వాలులో దిగుతుంటే మోకుమీద ఎలా కూర్చునేవాడు, ఒకసారి మోకు తెగి ఎలా పడ్డాడు... అన్నీ.

ఆయిలింజను అరవై అయిదులో కొన్నానన్నాడు. నాయనమ్మ లోపల్నుంచే, "కాదు, మన పెద్దాడు పుట్టాకనే" అంది. పెట్టెలో రసీదు వెతికితే 1968 ఉంది. పెద్దలు చెప్పింది వినాలి. కాగితంతో సరిచూడాలి కూడా. తాతయ్యకేం కోపం రాలేదు. "నీ కాగితమే నిజంలే" అని నవ్వాడు.

ఆఖర్న, "కాలవ అవతలి రెండెకరాలు ఎందుకమ్మావు?" అని అడిగాను. మా నాన్నకు కూడా తెలియని సంగతి అది. కాసేపు ఊరుకుని, "అది ఇంకోసారి చెబుతాలే" అన్నాడు. సెమిస్టరు పరీక్షలు, ప్రాక్టికల్సు అంటూ నేను వేసవికి కూడా ఇంటికి పోలేదు. ఆషాఢంలో తాతయ్య పోయాడు. ఆ రెండెకరాలకు ఏ రసీదూ జవాబు చెప్పదు.

అందుకే ఈ వ్యాసం. మన కాలేజీలో ముప్ఫయ్యేళ్ళు పాఠాలు చెప్పి రిటైరైన మాస్టర్లు ఈ ఊళ్ళోనే ఉన్నారు. ల్యాబు కట్టిన రోజు చూసిన అటెండరు ఉన్నాడు. మొదటి బ్యాచిలో చదివిన పెద్దలు ఈ సావనీరు చదువుతుంటారు. యూనియన్‌వారికి నా మనవి ఒకటే: ఏటా ఒక్కరి దగ్గరికైనా ఇద్దరు విద్యార్థులు పోయి, పాత సావనీర్లు ముందే చదువుకుని, చిన్న ప్రశ్నతో మొదలుపెట్టి, వాళ్ళు చెప్పినదంతా రికార్డు చేసుకుని, సరిచూసి, వచ్చే ఏటి సంచికలో అచ్చువేయాలి. ఇప్పుడు టేపు రికార్డరు కూడా కొనక్కర్లేదు, జేబులో ఫోను చాలు. పెద్దలు "ఇంకోసారి" అంటే మాత్రం, ఆ ఇంకోసారి ఏ రోజో అప్పుడే అడిగి రాసుకోండి.

– బి.ఎస్సీ. ఫైనలియర్