భుజమే పెట్టుబడి: పిచ్చర్ కెరీర్ ఎలా సాగుతుంది?

తెనాలి, బాపట్ల, రేపల్లెలో ఫాస్ట్ బౌలర్ అవుతానని చీకటి పడేదాకా బంతులేసే అబ్బాయి ఉన్న ఇంట్లో కుమార్ రాకర్ సంగతి తెలియాలి. ఇతను అమెరికా బేస్‌బాల్‌లో పిచ్చర్, అంటే మన బౌలర్ లాంటివాడే. తల్లి లలిత భారత సంతతి.

2019లో వాండర్‌బిల్ట్ యూనివర్సిటీ తరఫున ఒకే మ్యాచ్‌లో 19 స్ట్రైకౌట్లు చేశాడు. 2021లో న్యూయార్క్ మెట్స్ ఎంపిక చేసింది. తీరా మెడికల్ రిపోర్టు చూశాక కాంట్రాక్టే ఇవ్వలేదు! భుజానికి సర్జరీ చేయించుకుని, చిన్న లీగ్‌లో ఆడాడు. 2022లో టెక్సాస్ రేంజర్స్ 52 లక్షల డాలర్లకు తీసుకుంది. మరుసటి ఏడాది మోచేతికి ఆపరేషన్. మేజర్ లీగ్‌లో తొలి మ్యాచ్ 2024 సెప్టెంబర్‌లో గానీ దక్కలేదు.

అక్కడ 11-12 ఏళ్ల పిల్లలు రోజుకు 85 బంతులు దాటకూడదని మార్గదర్శకాలున్నాయి. మన దగ్గర భుజం నొప్పంటే బామ్ రాసి మళ్లీ గ్రౌండ్‌కు పంపేస్తున్నాం.